రుచి చూడని వంట

సరస్వతి పప్పు గిన్నె మీది మూత తీసింది. ఆవిరిని ఒకసారి లోపలికి పీల్చి, చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ మూత పెట్టింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె వంట అంతే. దేవుడికి నైవేద్యం పెట్టకముందు గరిట నాలుక మీదికి పోకూడదని కాపురానికి వచ్చిన రోజు అత్త చెప్పింది. ఆ ఇంట్లో భోంచేసిన వాళ్లెవరూ ఇంతవరకు ఉప్పు తక్కువైందనలేదు. కూతురు వరలక్ష్మికి కూడా ఆమె అట్లాగే నేర్పింది.

అది 1983 మార్చి. సరస్వతి భర్త పాండురంగం వరంగల్ మార్కెట్‌లో మిర్చి వ్యాపారి. తొమ్మిదిన్నరకు వేలం మొదలవుతుంది. ఎనిమిదింటికి వసారాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

వరలక్ష్మి బయటి నుంచి వచ్చింది. పొద్దున ఆరింటికి పోయి ఎనిమిదికి రావడం ఇది మూడో రోజు. వాళ్ల గోదాములో మిర్చి తొడిమలు తీసే యాకమ్మ ఇంటికి పోతున్నానని, ఆమె బిడ్డకు లెక్కలు చెబుతున్నానని అంది. లెక్కలు చెప్పడానికి పోతూ కొత్తిమీర కట్ట, రెండు నిమ్మకాయలు ఎందుకు పట్టుకుపోయిందో సరస్వతికి అర్థం కాలేదు.

"ఆ పళ్లెం అందియ్యి బిడ్డా."

వరలక్ష్మి అందించింది. సరస్వతి పళ్లెం వదిలేసి కూతురి మణికట్టు పట్టుకుంది. చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది. ముందు నిమ్మకాయ, తర్వాత జీలకర్ర. వాటి కింద ఇంకో వాసన.

"నీసు వాసన వస్తాంది. ఏం ముట్టుకున్నవే?"

వరలక్ష్మి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "గుడ్లు."

వసారాలో కప్పు సాసర్ మీద పడ్డ చప్పుడైంది. పాండురంగం లోపలికి వచ్చాడు.

"ఏందీ? మల్ల చెప్పు."

"గుడ్లు, బాపూ. యాకమ్మ ఇంట్ల ఉడకబెట్టిన. రేపు నాకు ప్రాక్టికల్ ఉన్నది."

"పోయిన నెల్లనే అయింది గద!"

"ఫెయిలైన. మీకు చెప్పలే."

పాలిటెక్నిక్‌లో హోం సైన్స్ చివరి సంవత్సరం ఆమెది. అదే కాలేజీలో వంట నేర్పే ఉద్యోగం ఖాళీ ఉంది. ప్రిన్సిపాల్ ఆమె పేరు రాసి పెట్టింది. అన్ని పేపర్లూ పాసైంది. విదేశీ వంటకాల ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. చీటీ తీస్తే 'డెవిల్డ్ ఎగ్స్, మెక్సికన్ పద్ధతి' అని వచ్చింది. రేపు కూడా అదే చెయ్యాలి. తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"వంట నేర్వను కాలేజీ ఎందుకే అంటే, సర్టిఫికెట్ ఇస్తరు బాపూ అన్నవు," అన్నాడు పాండురంగం. "ఇదేనా సర్టిఫికెట్? పొద్దుగాల పోయి గుడ్లు ఒల్సుడు, తర్వాత వచ్చి ఇంట్ల దీపం ముట్టిచ్చుడు!"

"స్నానం చేసినంక గాని దేవునర్రలకు పోలే బాపూ, మూడు రోజులూ."

"గొప్ప పని చేసినవు. రేపు పరీక్ష లేదు, గిరీక్ష లేదు. ఇంట్ల ఉండు."

"నేను తినలేదు బాపూ!" వరలక్ష్మి గొంతు పెరిగింది. "తింటే పాసయ్యేదాన్ని. నాలిక మీద ఇంత పెట్టుకున్నా పాసయ్యేదాన్ని."

సరస్వతి కూతురి వైపు చూసింది. "అంటే?"

"పచ్చసొన తీసి, వెన్న వేసి, కాల్చిన టమాట, మిర్చి, నిమ్మరసం కలిపి మల్ల గుడ్డుల నింపాలె. వెన్న ప్యాకెట్ కాలేజీల ఇచ్చిన్రు. మనింట్ల లెక్కనే వాసన చూసి ఉప్పు వేసిన. పరీక్ష పెట్టను హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం ఒక ముక్క నోట్ల పెట్టుకొని నీళ్లకు నల్ల దగ్గరికి ఉరికింది. నువ్వు రుచి చూసినవా అని అడిగింది. లేదన్న. చూడకుండ వండేదానివి పిల్లలకు ఏం నేర్పుతవు అన్నది."

"ఉప్పు నువ్వు ఎక్కువ వెయ్యవు గద."

"ప్యాకెట్ వెన్నల ముందే ఉప్పుంటదమ్మా."

ఆ ఇంట్లో వెన్న అంటే కవ్వంతో చిలికి తీసినది. ప్యాకెట్ వెన్నలో ఉప్పుంటుందని సరస్వతికీ తెలియదు.

పాండురంగం గడియారం చూసుకుని చెప్పులు వేసుకున్నాడు. "నేనొచ్చేసరికి ఈ ముచ్చట ఇంట్ల వినపడొద్దు," అని వెళ్లిపోయాడు.

వరలక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుంది. సరస్వతి పప్పు దించింది. దేవుడికి ఇంకా పెట్టలేదు.

"మరి ఈ మూడు రోజులు ఉప్పు ఎట్ల చూసినవు?"

"యాకమ్మను అడిగిన. ఏది పెట్టినా మంచిగున్నదమ్మా అంటది. వాళ్ల పిల్లలు రెండేసి చెంబుల నీళ్లు తాగిన్రు."

సరస్వతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లలో నీళ్లొచ్చాయి. కూతురు తన మాట దాటినందుకు కాదు, విన్నందుకు పరీక్ష తప్పింది.

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "సొన ఉడికినంక ఎట్లుంటది?"

"పొడిపొడిగ. పిసికితే పిండి లెక్క."

"ఆలుగడ్డ లెక్కనా?"

వరలక్ష్మి తలెత్తింది.

సొనకు బదులు రెండు ఆలుగడ్డలు ఉడికాయి. పక్కింటి నుంచి ప్యాకెట్ వెన్న తెప్పించారు. వరలక్ష్మి టమాటను నిప్పుల మీద కాల్చి, మిర్చి వేయించింది. పుస్తకంలో రాతి రోట్లో నూరాలని ఉందంటే, సరస్వతి తన రాతి కల్వం ముందుకు జరిపింది. పెళ్లప్పుడు తల్లి ఇచ్చింది అది. నూరినది ఆలుగడ్డలో కలిపాక, ఆమె వేలితో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"అమ్మా! నైవేద్యం కాలే."

"దేవునికి నేను చెప్పుకుంట. ఉప్పు ఇంక వెయ్యకు, వెన్నల ఉన్నదే చాలు. పులుపు తక్కువున్నది. ఇంకో అరచెక్క పిండు. నువ్వు చూడు."

వరలక్ష్మి చూసింది. తల్లీ కూతుళ్లు నాలుగుసార్లు కలిపి, నాలుగుసార్లు రుచి చూశారు. సొన ఎంతుంటే ఏది ఎంత వెయ్యాలో వరలక్ష్మి కాగితం మీద రాసుకుంది.

మధ్యాహ్నం పాండురంగం పళ్లెంలో సగానికి కోసిన ఆలుగడ్డ ముక్కలున్నాయి. మధ్యలో గుంట తీసి ఎర్రగా ఏదో నింపి ఉంది.

"ఏందిది?"

"ఆలుగడ్డ. తిను," అంది సరస్వతి.

ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉందని అతనికి తెలుసు. అటు చూడలేదు.

"పరీక్షదేనా ఇది?"

సరస్వతి ఇంకో ముక్క వడ్డించింది.

"మిర్చి తప్పు," అన్నాడు. "కారం ముందుకొస్తాంది, రంగు రాలే."

"పుస్తకంల రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్నది వెయ్యమన్నరు బాపూ," అంది వరలక్ష్మి. "అసంటిది దొరకలే."

"మిర్చి సావుకారి బిడ్డవు, దొరకలేదంటవా?" లేచి చెయ్యి కడుక్కుని, మార్కెట్ నుంచి తెచ్చిన శాంపిల్ సంచి విప్పాడు. నర్సంపేట చపాటా మిర్చి. టమాటలా పొట్టిగా, లావుగా ఉంది. నాలుగు కాయలు ఏరి గుమ్మం పక్కన పెట్టాడు. "గింజలు తీసి వెయ్యి. గుడ్డు మాత్రం ఈ గడప లోపలికి రావద్దు."

"రాదు బాపూ."

మర్నాడు పొద్దున వరలక్ష్మి బయల్దేరుతుంటే సరస్వతి ఒక సంచి ఇచ్చింది. బరువుకు వరలక్ష్మి చెయ్యి కిందికి జారింది. లోపల తువ్వాలులో చుట్టిన కల్వం ఉంది.

"అమ్మా, ఇందుల సొన కలిపితే మల్ల మనింట్ల పనికి రాదు."

"తెలుసు. ఇంటికి తేకు. కాలేజీల నీ బల్ల మీద పెట్టుకో."

"ఉద్యోగం ఇంకా రాలే అమ్మా."

"వస్తది. ఈసారి రుచి చూసినం గద."

వరలక్ష్మి వంగి తల్లి కాళ్లకు మొక్కింది. సంచి రెండు చేతులతో పట్టుకుని రిక్షా ఎక్కింది.

సరస్వతి వంటింట్లోకి వచ్చింది. ఇరవై ఆరేళ్లు కల్వం ఉన్న చోట గచ్చు మీద గుండ్రంగా మరక మిగిలింది. తడి గుడ్డతో నేలంతా తుడిచింది. ఆ మరక దగ్గర మాత్రం చెయ్యి ఆపింది.