ముందు తలుపు

మనిషి ముఖం గుర్తుంటుంది, నడక గుర్తుంటుంది, మరి గొంతు ఎందుకు ముందుగా జారిపోతుంది? అక్క నవ్వబోయే ముందు చిన్నగా దగ్గేది. ఆ దగ్గు నెస్టాకి బాగా గుర్తుంది. దగ్గు తర్వాత వచ్చే గొంతే ఎంత వెతికినా దొరకడం లేదు.

"మేడమ్, డాక్టరు గారు అడుగుతున్నారు," అన్నాడు సార్జెంట్ గిట్టెన్స్.

ఇన్‌స్పెక్టర్ నెస్టా బఫ్టన్ తల ఎత్తింది. ఎదురుగా నేలమాళిగ మెట్లు. మెట్ల అడుగున శవం.

ఎడ్గర్ మాప్, వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పుల్లో ఒకటి కాలికే ఉంది. రెండోది పై మెట్టు మీద ఆగిపోయింది.

"తుంటి విరిగింది," అన్నాడు డాక్టరు. "తలకి దెబ్బ లేదు. చలికి పోయాడు. మంగళవారం సాయంత్రం పడి ఉంటాడు. అర్ధరాత్రి దాటేదాకా ప్రాణం ఉండొచ్చు."

"స్పృహ?"

"చాలాసేపు ఉండే ఉంటుంది."

ఇవాళ గురువారం.

"పిలిచే ఉంటాడు పాపం," అన్నాడు గిట్టెన్స్. "ఎవరికి వినపడుతుంది? ఈ తోట దాటాలంటే బస్సెక్కాలి."

అతను బర్మింగ్‌హామ్ నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఇంకా నున్నటి బూట్లే వేసుకుంటున్నాడు.

నెస్టా నవ్వలేదు. చుట్టూ చూసింది. ఒకప్పుడు ఆపిల్ కల్లు తీసిన గానుగ ఇది. తర్వాత గోడలకి సున్నం కొట్టి, పొయ్యి పెట్టి, మనిషి ఉండేలా చేశారు. అందరూ అనెక్స్ అంటారు. నేలమాళిగ తలుపు నడవా నేలలోనే ఉంది. మూసి ఉంటే దాని మీదుగా నడిచిపోవచ్చు. తెరిచి ఉంటే, చీకట్లో, అడుగు నేరుగా గోతిలోకే.

గోడకి నాలుగు కొక్కేలున్నాయి. మూడింటికి కప్పులు వేలాడుతున్నాయి. నాలుగోది ఖాళీ.

తోట అవతల పెద్దిల్లు, పేరు హాచ్‌వుడ్. విక్టోరియా రాణి కాలంలో కట్టింది. ఎర్ర ఇటుకలు, ఎత్తైన కిటికీలు, కావలసినదానికన్నా ఎక్కువ పొగగొట్టాలు. పదిమంది పిల్లల సందడి ఊహించుకుని కట్టిన ఇల్లు. ఇప్పుడు అందులో ఉంటున్నది ఎడ్గర్ తమ్ముడు వాల్టర్, అతని భార్య డోరీన్.

నవంబరు వాన సన్నగా పడుతోంది. నెస్టా కూరల మడుల మధ్యగా నడిచి, అలవాటుగా పెరటి తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

పొయ్యి పక్కన డోరీన్ నిలబడి ఉంది. బల్ల దగ్గర వాల్టర్. బల్ల కింద గొర్రెల కుక్క నెల్. అలమర మీద ఒక నీలం జగ్గు. తలుపు వారగా, తడిసిన కోటు విప్పకుండానే కూర్చుంది మిలేనా. బల్గేరియా నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయింది. మంగళవారం, శుక్రవారం వచ్చి ఎడ్గర్‌కి వండిపెట్టి, మందులిచ్చి వెళ్ళేది.

"నువ్వు బఫ్టన్ వాళ్ళమ్మాయివి కదూ?" అంది డోరీన్. "మీ నాన్న దగ్గర ఒక పొట్టేలు కొన్నాం. మహా మొండిది."

"ఎవరు మొండి? పొట్టేలా, మా నాన్నా?" అంది నెస్టా.

"ఇద్దరూను."

నెస్టా కుర్చీ లాక్కుంది. "మీరు చివరిసారి ఎడ్గర్ గారిని ఎప్పుడు చూశారు?"

"మంగళవారం మధ్యాహ్నం."

"నిన్న?"

"లెమ్‌స్టర్‌లో మా చెల్లెలి దగ్గరికి పోయాను. పొద్దున బస్సుకి వెళ్ళి రాత్రికొచ్చాను. ఇవాళ గుడ్లు ఇద్దామని వెళ్తే..." ఆగింది. "ఎనిమిదింటికి మీకు ఫోన్ చేశాను."

"నిన్నంతా ఆయన కనపడకపోతే ఎవరికీ అనుమానం రాలేదా?"

"బుధవారం పశువుల సంతకి పోతాడుగా. కొనేది లేదు, అమ్మేది లేదు. ఊరికే కంచె మీద మోచేతులు పెట్టుకుని చూసొస్తాడు."

నెస్టా వాల్టర్ వైపు తిరిగింది. "మీరు అన్నగారితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

వాల్టర్ కుక్క వైపు చూశాడు. చేతులు బల్ల మీద పెట్టాడు. పలుగులా గట్టిపడిన చేతులు.

డోరీన్ చెప్పింది. "తొమ్మిదేళ్ళయింది."

"దేని గురించి?"

"బేరి చెట్టు. వీళ్ళ తాత నాటింది. బోలు పడిందని ఎడ్గర్ అడక్కుండా కొట్టించేశాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు."

"ఒకే పొలం. ఎలా గడిచింది?"

"నెల్ ఉందిగా. 'నెల్, దక్షిణం పొలంలో కంచె విరిగిందని వాడితో చెప్పు' అనేవాడు ఎడ్గర్. వాల్టర్ అక్కడే నిలబడి ఉండేవాడు. 'నెల్, నాకు తెలుసని చెప్పు' అనేవాడు ఈయన."

"కుక్క జవాబు చెప్పేదా?" అన్నాడు గిట్టెన్స్.

"వీళ్ళిద్దరికన్నా మర్యాదగా."

ఎవరూ నవ్వలేదు. వాల్టర్ మొదటిసారి నోరు విప్పాడు.

"ఆ నేల తలుపు తెరిచి ఉంది. ఈ పిల్లే వదిలేసి పోయింది."

"నేను గడియ వేశాను," అంది మిలేనా. గొంతు పెంచలేదు. అదే మాట పొద్దుట్నుంచి చెప్పి చెప్పి అరిగిపోయినట్టుంది. "ఆయన కల్లు కావాలన్నారు. డాక్టరు వద్దన్నారని చెప్పాను. నన్ను తిట్టారు. జైలు వార్డరువి నువ్వు, ఇక్కడెందుకున్నావు అన్నారు. గడియ వేసి, నాలుగింటికి బస్సెక్కాను."

"వేశావని ఎవరు చూశారు?" అన్నాడు వాల్టర్.

"ఆయన చూశారు." మిలేనా తన చేతుల్లోకి చూసుకుంది. "మేడమ్, ఏజెన్సీ ఫోన్ చేసింది. ఇంక ఎవరింటికీ వెళ్ళొద్దన్నారు. కేసు పెడితే ఈ పని మళ్ళీ ఎవరూ ఇవ్వరు. మా అమ్మాయికి నేను తప్ప ఎవరూ లేరు. నేను ముసలాయన్ని చంపానంటే దానితో ఏం చెప్పను?"

నెస్టా జేబులో ఫోను వణికింది. సూపరింటెండెంట్. ఆమె పెరట్లోకి వెళ్ళి మాట్లాడింది.

"సాయంత్రంలోగా ఆ పిల్లని తీసుకురా," అన్నాడాయన. "నిర్లక్ష్యం వల్ల మరణం. సూటిగా ఉంది కదా, ఇంకేం?"

సూటిగానే ఉంది. అయినా ఏదో గుచ్చుతోంది. బూటులో పడ్డ ఇసక రేణువులాంటిది. చూడబోతే కనపడదు, నడిస్తే తెలుస్తుంది. ఇలాంటప్పుడు నెస్టా మనసు కేసు మీద నిలవదు. పక్కకి జారుతుంది. ఇప్పుడూ అక్క దగ్గరికే జారింది. అమ్మ పోయిన రాత్రి తను డ్యూటీలో ఉంది. "నీకు శవాలంటేనే తీరిక, అమ్మంటే లేదు," అంది అక్క గ్వెండా. ఆ మాట ఏ గొంతుతో అంది? మూడేళ్ళుగా ఆ మాట ఉంది. గొంతు లేదు.

గిట్టెన్స్ మెట్టు పక్కన ఇనప పట్టీకి బూటు గీకుతున్నాడు. "ఈ ఊరి బురదలో చెక్క కూడా కలుస్తుందా మేడమ్?"

బూటు అడుగు నుంచి ఒక చుట్ట ఊడిపడింది. నెస్టా వంగి తీసింది. చిత్రిక పొట్టు. తెల్లటి కొత్త చెక్క. ఒక అంచున ఆకుపచ్చ రంగు.

"ఎక్కడ తొక్కావు ఇది?"

"ముందు గుమ్మం దగ్గరై ఉంటుంది. పొద్దున అందరికంటే ముందు వచ్చింది నేనేగా. తలుపు కొట్టాను. పెద్దావిడ తీసింది."

"ముందు తలుపు కొట్టావా? తెరుచుకుందా?"

"తలుపులు తెరుచుకుంటాయి మేడమ్. బర్మింగ్‌హామ్‌లో అయితే రోజూ."

నెస్టా అప్పటికే నడుస్తోంది.

ఈ వైపు పల్లెల్లో ఫార్మ్ ఇంటి ముందు తలుపు ఎవరూ వాడరు. పాదిరి వచ్చినా పెరటి తలుపే. పెళ్ళికూతురు బయటికి నడవడానికి తెరుస్తారు. శవపేటిక బయటికి వెళ్ళడానికి తెరుస్తారు. మధ్యలో ఏళ్ళకేళ్ళు అది గోడలాగే ఉంటుంది. తేమకి ఉబ్బి చట్రంలో బిగుసుకుపోతుంది. అమ్మ పోయినప్పుడు వాళ్ళింట్లోనూ అంతే. తనూ అక్కా భుజాలు ఆనించి తోశారు. ఇద్దరూ కలిసి చేసిన ఆఖరి పని అది.

హాచ్‌వుడ్ ముందు తలుపు ఆకుపచ్చగా, నిటారుగా నిలబడి ఉంది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా కదిలింది. బందులకి నూనె. పక్క అంచూ, అడుగు అంచూ చిత్రిక పట్టి ఉన్నాయి. గడప రాయి మీద నాచు గీకేసి ఉంది. లోపల హాల్లో ఆపిల్ పెట్టెలు ఒక గోడ వారకి జరిపి ఉన్నాయి. మధ్యలో దారి. ఒక పేటికా, దాన్ని మోసే మనుషులూ పట్టేంత దారి.

నెస్టా ఆ దారిలో కాసేపు నిలబడింది. ఎవరు చేశారో అడగక్కర్లేదు. ఎందుకు చేశాడో కూడా అర్థమైంది.

ఆమె వంటింట్లోకి తిరిగి వచ్చింది. ఎవరూ కదల్లేదు. గిట్టెన్స్ తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"డోరీన్ గారూ, ముందు హాల్లో ఆపిల్ పెట్టెలు ఎవరు పేర్చారు?"

"నేనే. మంగళవారం. తలుపుకి ఆనించి పెట్టాను, చలిగాలి రాకుండా."

"ఇవాళ పొద్దున సార్జెంట్ తలుపు కొట్టినప్పుడు వాటిని మీరు జరిపారా?"

డోరీన్ లేదన్నట్టు తల ఊపి, వాల్టర్ వైపు తిరిగింది.

"ఎనిమిదింటికి మీరు శవాన్ని చూశారు. ముప్పావుగంటలో మేం వచ్చాం. అంతలో ఆ తలుపుని బందులూడదీసి, చిత్రిక పట్టి, నూనె వేసి, మళ్ళీ బిగించడం ఎవరి వల్లా కాదు. ఆ పని నిన్న జరిగింది. నిన్న మీరు ఊళ్ళో లేరు. మిలేనా రాలేదు." నెస్టా గొంతు తగ్గించింది. "శవం గురించి ఎవరికీ తెలియని రోజున, ఎవరో శవపేటికకి దారి సిద్ధం చేశారు."

పొయ్యిలో కట్టె విరిగింది.

"వాల్టర్," అంది డోరీన్. "నిన్న రాత్రి నాకు టీ పెట్టి ఇచ్చావు. పెళ్ళయ్యాక మొదటిసారి. చలికి అనుకున్నాను."

వాల్టర్ కుక్కతో చెబుతున్నట్టు తల వంచుకునే ఉన్నాడు.

"అలమర మీద ఆ నీలం జగ్గు ఎవరిది?" అని అడిగింది నెస్టా.

మిలేనా తల తిప్పి చూసింది. చటుక్కున లేచి నిలబడింది. "ఎడ్గర్ గారిది. నాలుగో కొక్కేనికి ఉండేది. నేను వెళ్ళేటప్పుడు అక్కడే ఉంది."

"అది మా అమ్మది," అన్నాడు వాల్టర్. దాని వైపే చూస్తూ అన్నాడు. "పగల్లేదు. వాడు పడినా దాన్ని పగలనివ్వలేదు. పొట్టకి పట్టుకుని ఉన్నాడు."

"గడియ ఎవరు తీశారు?"

"వాడే. కల్లు కోసం. ఇంకెవరు తీస్తారు?"

మిలేనా మళ్ళీ కూర్చుంది. కోటు అంచు రెండు చేతులా పట్టుకుంది.

"మీరెలా వెళ్ళారు అక్కడికి?"

"మంగళవారం రాత్రి నెల్ వచ్చి తలుపు గీకింది. డోరీన్ అప్పటికే నిద్రపోయింది. టార్చి తీసుకుని వెళ్ళాను. మెట్ల మీద నిలబడి వెలుగు వేశాను. చూశాడు. నన్నే చూశాడు." వాల్టర్ చెయ్యి కిందికి చాపి నెల్ మెడ పట్టుకున్నాడు. "చూసి, 'నెల్, నేను లేవలేకపోతున్నానని వాడితో చెప్పు' అన్నాడు."

డోరీన్ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి మొగుడికి ఎదురుగా నిలబడింది.

"కుక్కతో అన్నాడు," అన్నాడు వాల్టర్. "నాతో కాదు. నేను అక్కడే ఉన్నాను. రెండు బారల దూరం లేదు. వాల్టర్ అని ఒక్కసారి అంటే దిగేవాణ్ణి. అనాలి కదా? పడింది వాడు. కావలసింది వాడికి. అప్పుడైనా వాడే ముందు అనాలి కదా?"

"మీరేం చేశారు?"

"నిలబడ్డాను. వాడూ అంతే. నెల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఇంకోసారి దాన్నే పిలిచాడు. తర్వాత అదీ మానేశాడు. నిద్రపోయాడనుకున్నాను." నెల్ మెడ వదిలేశాడు. "లేదు. అనుకోలేదు. అలా అనుకోవాలనుకున్నాను. కుక్కని తీసుకుని వచ్చేశాను. పొద్దున వెళ్తే అయిపోయింది. జగ్గు తెచ్చి కడిగాను. అప్పుడు తలుపు గుర్తొచ్చింది. అమ్మ పోయినప్పుడు నేనూ వాడూ కలిసే తెరిచాం. మళ్ళీ బిగుసుకుపోయి ఉంటుంది, వాణ్ణి ఆ తలుపు గుండా పంపలేకపోతే ఎలా అనిపించింది."

"మరి ఈవిడ మీద ఎందుకు చెప్పారు?"

వాల్టర్ మొదటిసారి మిలేనా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆ మాటకి కూడా దారి బిగుసుకుపోయినట్టుంది.

"ఆయన నన్ను తిట్టేవారు," అంది మిలేనా నెమ్మదిగా. "కానీ నాతోనే మాట్లాడేవారు."

ఆ మెట్ల మీద అలా నిలబడిపోవడానికి చట్టంలో ఏ పేరుందో లాయర్లు తేలుస్తారు. అబద్ధం చెప్పినందుకూ, జగ్గు దాచినందుకూ పేర్లు ఉన్నాయి. నెస్టా వాటిని చదివి వినిపించింది. ఏజెన్సీకి ఫోన్ చెయ్యమని గిట్టెన్స్‌కి చెప్పింది. అతను అక్కడికక్కడే, మిలేనా ఎదుటే చేశాడు. "ఆవిడ తప్పేం లేదు. రేపట్నుంచే పనికి వస్తుంది. నా పేరు రాసుకోండి," అన్నాడు. మిలేనా కృతజ్ఞతలు చెప్పలేదు. కోటు గుండీలు పెట్టుకుని, నెల్ తల మీద ఒకసారి చెయ్యి వేసి, పెరటి తలుపు గుండా వెళ్ళిపోయింది.

డోరీన్ మొగుడికి కోటు తెచ్చి ఇచ్చింది. తొడగలేదు. ఇచ్చింది అంతే.

కారు ముందు వైపు ఉంది. గిట్టెన్స్ వాల్టర్ మోచెయ్యి పట్టుకుని హాలు వైపు నడిపించబోయాడు. వాల్టర్ ఆగిపోయాడు.

"అటు కాదు, నాయనా," అన్నాడు. "అది వాడికి."

గిట్టెన్స్ నెస్టా వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఇద్దరూ పెరట్లోంచి, వానలో, ఇల్లంతా చుట్టుకుని వెళ్ళారు.

నెస్టా తన కారులో కూర్చుని తాళం చెవి తిప్పలేదు. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. వాటి వెనక ఆకుపచ్చ తలుపు కరిగి, మళ్ళీ గట్టిపడి, మళ్ళీ కరుగుతోంది. ఆ మాట అన్నది అక్క కదా. అన్నవాళ్ళే ముందు పిలవాలి కదా. మూడేళ్ళుగా ఈ లెక్క ఎంత న్యాయంగా ఉండేది.

ఆమె ఫోను తీసి నంబరు నొక్కింది.

నాలుగుసార్లు మోగింది. అటు ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. వెనక ఎక్కడో కెటిల్ సన్నగా ఈల వేస్తోంది. ఊపిరి వినపడుతోంది. ఎవరి నంబరో చూసే ఎత్తింది. ఎత్తి, కాచుకుని ఉంది.

"అక్కా," అంది నెస్టా.