సమతూకం

తెరమీద ఫండ్ విలువ జారుతోంది. పైడిరాజు వేలు ‘అమ్మేయి’ మీటవైపు కదిలింది. ఆగింది.

విశాఖలోని తన ల్యాబ్‌లో డాక్టర్ హరిణాక్షి పక్కనే నిలబడి చూస్తోంది. ‘సమతూకం’ ఆమె కట్టిన యంత్రం. పదేళ్ల మార్కెట్‌ని పది నిమిషాల్లో చూపిస్తుంది. పలకమీద చెయ్యి పెట్టినవాళ్ల నాడి చదివి, ఆ ఫండ్ వాళ్లకెంత నప్పుతుందో స్టార్లలో చెబుతుంది.

పైడిరాజు, నూకరత్నం దంపతులకు కంచరపాలెంలో టిఫిన్ హోటల్ ఉంది. రెండో హోటల్ కోసం దాచిందంతా ఒకే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాలనుకున్నారు. మూడు రేటింగ్ ఏజెన్సీలు దానికి మూడు రకాల స్టార్లిచ్చాయి. అందుకే వచ్చారు.

“ముగ్గుర్లో అబద్ధం ఆడింది ఎవరమ్మా?” అని నూకరత్నం ముందే అడిగింది.

“ఎవరూ కాదండీ. మీ హోటల్‌కే స్టార్లివ్వాలనుకోండి. ఒకరు ఇన్నాళ్ల గిరాకీ చూస్తారు. ఇంకొకరు ఎప్పుడైనా ఎవరికైనా కడుపు చెడిందా అని అడుగుతారు. మూడోవారు వంటింట్లోకి తొంగిచూస్తారు. ఫండ్‌కీ అంతే. ఒకరికి లాభం, ఒకరికి ఒడుదొడుకులు, ఒకరికి నడిపే మనిషి, ఖర్చులు ముఖ్యం. తినేవాడి కడుపు మాత్రం ఎవరూ చూడలేదు. నా యంత్రం చూస్తుంది.”

ఇప్పుడు తెరమీద ఐదు స్టార్లు వెలిగాయి.

“నాకేటి భయం” అన్నాడు పైడిరాజు మీసం సవరించుకుంటూ.

హరిణాక్షి కూడా గర్వంగా నవ్వబోయి, పలకవైపు చూసింది. వ్రతంలో సంకల్పం చెప్పుకునేటప్పుడు తాకినట్టు, నూకరత్నం చెయ్యి మొగుడి చేతిమీదుంది.

“అమ్మా, చెయ్యి తీయండి. మళ్లీ చూద్దాం.”

ఈసారి మొదటి పతనానికే పైడిరాజు మొత్తం అమ్మేశాడు. ఒక్క స్టార్.

“యంత్రం సల్లబడిపోనాది” అన్నాడు.

“నువ్వు సెమటోడుతున్నావు” అంది నూకరత్నం. తనొక్కతే కూర్చుంది. ఐదు స్టార్లు. డబ్బు ఆమె పేరునే ఫండ్‌లో వేశారు.

మరుసటి ఏడాది మార్కెట్ నిజంగానే కూలింది. పైడిరాజు రోజూ అమ్మేద్దామన్నాడు. ఆమె అమ్మనివ్వకుండా పిండి రుబ్బుకుంటూ పోయింది. కొన్నాళ్లకు ఫండ్ లేచింది. రెండో హోటల్ తెరిచారు.

ఆ గెలుపుతో సమతూకం దేశమంతా పాకింది. మూడు ఏజెన్సీలూ దాన్ని కొని, ఫండ్లతో పాటు మనుషులకూ స్టార్లివ్వడం మొదలుపెట్టాయి. ఏజెన్సీల తగువు తీర్చాలనుకున్న హరిణాక్షి నూకరత్నం రేటింగులు చూసి తల పట్టుకుంది. గతం చూసినవాళ్లు ఐదిచ్చారు. నాడి చూసినవాళ్లు నాలుగిచ్చారు. ఇల్లు కూడా పరిశీలించే మూడోవాళ్లు రెండే ఇచ్చి, కారణం రాశారు: ‘ఇంట్లో ప్రమాదకరమైన సలహాదారు ఉన్నారు.’

పైడిరాజు ఆ రెండు స్టార్ల కాగితానికి ఫ్రేమ్ కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు.

“ఐదు స్టార్లది పెట్టక ఇదేటి?” అంది నూకరత్నం.

“నన్ను నెక్కలోకి తీసుకున్నోలు ఈల్లొక్కలే” అన్నాడతను, అద్దం తుడుస్తూ.