కయాక్‌లో కొబ్బరినూనె

“చేపలు కనిపించాలంటే మెషీన్‌ని నూనెలో ముంచాలా?” అంది మృదుల.

బీవర్ లేక్ ఒడ్డున, ఇద్దరు కూర్చునే తన పాత కయాక్ పక్కన జితేందర్ సగర్వంగా నిలబడ్డాడు. ధ్వనిని నీళ్లలోకి పంపి చేపలను పసిగట్టే ఫిష్ ఫైండర్ కోసం పడవకు చిల్లు పొడవడం అతనికి ఇష్టం లేదు. అందుకని సీట్ల మధ్య, లోపల అడుగున, ఒక ప్లాస్టిక్ డబ్బా అతికించి, నూనె పోసి, అందులో సెన్సర్‌ను ముంచాడు. తెరను పాత ఫోన్ స్టాండుకు బిగించాడు.

“సౌండ్‌కి మధ్యల గాలి ఉండొద్దు. నూనెలకెల్లి మంచిగ పోతది. ఫిజిక్స్!”

“ఏం నూనె?”

“కొబ్బరినూనె. ఇంట్ల అదే ఉండె.”

బెంటన్‌విల్ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క డెస్కులు. ఆమెకు ఎంతో దూరాన ఉన్న సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారమే ప్రయాణం. ఆలోగా అతను తన మనసులోని మాట చెప్పాలి. తెర మీద మొదటి చేప కనబడగానే చెప్పేయాలని జితేందర్ నిశ్చయించుకున్నాడు. శకునాలను నమ్మని మనిషి ఒక చేప మీద ఇంత భారం మోపడం హేతుబద్ధం కాదు. కాని ధైర్యం చాలనివాడు హేతువులను వెతుక్కోడు, సాకులను వెతుక్కుంటాడు.

నవంబరు చలి కొరుకుతోంది. సరస్సు మధ్యకు చేరినా తెర ఖాళీగానే ఉంది.

“చేపలకి కూడా వీకెండేమో!”

“జర ఆగు. సిగ్నల్ వస్తది.”

మృదుల జాగ్రత్తగా అతనివైపు తిరిగి కూర్చుని, డబ్బాలోకి తొంగి చూసింది.

“జితేందర్ గారూ, తమరి ఫిజిక్స్ గడ్డకట్టింది!”

నూనె తెల్లగా పేరుకుపోయి, సెన్సర్ చుట్టూ పగుళ్లిచ్చింది. పగుళ్ల నిండా గాలి.

“చలికాలంలో నూనె సీసాని ఎండలో పెట్టడం ఎప్పుడూ చూడలేదా నువ్వు?”

“చూసిన. పడవల యాదికి రాలే!”

ఆమె పగలబడి నవ్వింది. ఫ్లాస్కులోని వేడి టీని స్టీలు కప్పులో పోసి, ఆ కప్పును నూనెలో అదిమింది. పడవ ఊగింది. కప్పు ఒలకకుండా అతనూ పట్టుకున్నాడు. వేళ్లు తగిలాయి. ఇద్దరూ తీయలేదు.

నూనె మెల్లగా కరిగింది. తెర మీద ఒక వంపుగీత మెరిసింది.

“చేప! అదిగో, ఇంకొకటి! చూడవేం?”

అతను ఆమెనే చూస్తున్నాడు.

“జాబ్ వద్దనుకొమ్మని అడుగుత లేను. నువ్వు పో. కానీ నువ్వంటే నాకు ఇష్టం. అంత దూరంల ఉన్నా నాతోని ఉంటవా?”

మృదుల తెర మీది నుంచి చూపు అతనివైపు తిప్పింది.

“ఉంటాను. ఒక్క కండిషన్. ఇన్నాళ్లూ నా డెస్క్ దగ్గరికొచ్చి ప్రింటర్ గురించే మాట్లాడావు. ఇకనుంచి నీ గురించి మాట్లాడాలి.”

“ట్రై చేస్త.”

“ఇప్పుడే మొదలుపెట్టు.”

తెడ్లు ఒడిలోనే ఉండిపోయాయి. పడవ తన ఇష్టం వచ్చిన దిక్కుకు సాగిపోతుండగా, జితేందర్ గొంతు సవరించుకుని, తను పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టాడు.