మిగిలిన మూడు ద్రాక్ష కొమ్మలు

గువ్వ బడి నుంచి వచ్చేసరికి పెదనాన్న షెడ్డులో నేలమీద చతికిలబడి ఉన్నాడు. ఎదురుగా బల్లమీద మట్టి నింపిన నల్ల కవర్లు. ఒక్కో కవర్లో జానెడు ద్రాక్ష కొమ్మ.

"ఇంకోటి పోయిందే," అన్నాడు తలెత్తకుండా. "ఇరవై గుచ్చితే పదిహేడు పోయాయి. ఇక మూడే."

గువ్వ బ్యాగు కూడా దించకుండా అలాగే నిలబడిపోయింది.

అవేమైనా మామూలు ద్రాక్షలా? ఒకప్పుడు ఆ ఊరి కొండవాలులో ఎక్కడ చూసినా ఆ నల్ల ద్రాక్షే. దాంతో చేసిన వైన్ కోసం జనం ఎగబడేవారట. ఎక్కువ కాసే కొత్త రకాలు వచ్చాక దాన్ని పట్టించుకున్న నాథుడే లేడు. చివరికి ఒక పాడుబడ్డ గోడ వెనకాల ఒక్క తీగ మిగిలింది. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్నీ మిషన్‌తో పెకిలించేశారు. అంతకు ముందురోజే పెదనాన్న పరుగున వెళ్ళి ఇరవై కొమ్మలు కోసుకొచ్చాడు. ఇవి కూడా పోతే ఆ ద్రాక్ష ఇక ఎక్కడా ఉండదు.

"మట్టిలోనే ఏదో తెగులుంది," అన్నాడు పెదనాన్న. "లేదంటే నా చేతిలోనే ఉంది. నలభై ఏళ్ళు మొక్కలు పెంచి ఏం లాభం! ఈ మూడూ పీకి, కడిగి, కొత్త మట్టిలో పెడతాను."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదనాన్న ఏడవడం గువ్వ ఎప్పుడూ చూడలేదు. ఆయన లేచి మొదటి కవర్ మీద చెయ్యి వేశాడు.

"వద్దు!" అని అరిచింది గువ్వ. "మట్టిలో ఏం లేదు. నేనే..."

"నువ్వే ఏంటి?"

"రోజూ బడి నుంచి రాగానే పీకి చూసేదాన్ని. వేర్లు వచ్చాయా అని. చూసి మళ్ళీ గుచ్చేసేదాన్ని. ఒకదానికి దారప్పోగంత తెల్ల వేరు కనిపించింది. అది తెగిపోయింది. అప్పుడు నాకు భయమేసి నీకు చెప్పలేదు."

"అన్నీ పీకావా?"

"ఈ మూడు తప్ప. ఇవి గోడ పక్కన ఉన్నాయి. నా చెయ్యి అందలేదు."

పెదనాన్న కవర్ మీంచి చెయ్యి తీసేశాడు. తిట్టినా బాగుండేది. "లోపలికి పో," అన్నాడంతే. ఆ పూట గువ్వకు ముద్ద దిగలేదు.

వారం రోజులు ఆ పిల్ల షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఎనిమిదో రోజు పెదనాన్నే పిలిచాడు.

"నీళ్ళు పొయ్యి. కొమ్మ మీద చెయ్యి పడిందో, వీపు విమానం మోత మోగుతుంది!"

మాట కటువుగానే ఉంది కానీ గొంతులో కోపం లేదు. నీరసం ఉంది.

గువ్వ రోజూ నీళ్ళు పోసింది. నెల గడిచింది. ఒక కొమ్మ నల్లబడింది. వారానికి రెండోదీ అంతే. మూడోదాన్ని పెదనాన్న గోటితో గీకి చూస్తే లోపల కాస్త పచ్చగానే ఉంది, చిగురు మాత్రం వేయలేదు.

ఆ సాయంత్రం బయట ఒకటే ముసురు. పెదనాన్న బల్ల దగ్గర అటూ ఇటూ తిరిగి తిరిగి ఆగాడు.

"ఇక నావల్ల కాదే. వేరు పట్టిందో లేదో తేలిపోతే మనసు కుదుటపడుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పైకి తీసి చూస్తాను."

ఆయన కొమ్మ పట్టుకోబోయాడు. గువ్వ ఆ చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"వద్దు పెదనాన్నా."

"అందులో ఏమీ లేదేమోనే!"

"లేకపోతే లేకపోనీ. మనం చూడొద్దు."

పెదనాన్న చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. గువ్వకూ లోపల తొలిచేస్తోంది, వేరుందా లేదా అని. నీళ్ళ డబ్బా అందుకుని, కొమ్మకు తగలకుండా, కవర్ అంచు వెంట కొంచెం కొంచెంగా పోసింది.