ఆటులో చిక్కిన నీలాంబరి

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన రెండో అంతస్తులో ఉన్న ఆఫీసుకు ఆ పొద్దున నర్సింహ తడిసిన గొడుగుతో వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రేపు మధుకర్ సారు నా మీద పోలీసు కేసు పెడ్తడట. తాగి పడవ నడిపి ఆయన తమ్ముణ్ణి సంపిన్నట. దినాలకు పోతే వాళ్లమ్మ సత్తెమ్మ నా మొఖం మీదనే తలుపేసింది. నేను తాగలే సార్. జైలుకు పోతే పోత గని, ఆ తల్లికి ఈ మాట తెల్వాలె."

డిటెక్టివ్ రామచంద్రం వింటూ ఉన్నాడు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆయన నోరు విప్పడని సహాయకురాలు అఖిలకు నాలుగేళ్లుగా తెలుసు. ఆ ఓపికంటే ఆమెకు భక్తి.

నర్సింహ చెప్పింది ఇది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే మధుకర్, నీలాంబరి అనే తెరచాప పడవ కొన్నాడు. హుస్సేన్‌సాగర్‌లో పడవ నేర్చిన నర్సింహను దాన్ని నడిపే సారంగుగా పెట్టుకున్నాడు. పడవ అడుగున ఉన్న ఇనుపరెక్క నీళ్లలోకి ఏడున్నర అడుగులు దిగి ఉంటుంది. దాన్ని కొంకణ్ తీరంలో ఒక చిన్న రేవుకు చేర్చాలి. రేవు నోట్లో లోతు తక్కువ. సముద్రం పోటెత్తినప్పుడే నీలాంబరి లోపలికి పోగలదు. అందుకే ఒడ్డున ఒక మనిషి అడుగుకో ముడి వేసి గుండు కట్టిన తాడుతో లోతు కొలిచి, రమ్మంటేనే కదలాలి. ఆ పని మధుకర్ ఆఫీసులోని కిరణ్‌ది. అతనూ సాగర్‌లో నేర్చినవాడే.

"మూడింటికి పోటు నిండింది. పదడుగులున్నయన్నడు కిరణ్. గాలి పడిపోయి మేం రేవు నోటికొచ్చేసరికి ఐదు. మల్ల కొలువమన్న. కొలిచిన, పదే ఉన్నయి, రా అని ఫోటో పెట్టిండు. అనుమానం కొట్టింది సార్. కానీ కొలిచినోని మాట కాదంటమా? నోట్లనే దిగబడ్డది. నీళ్లు వెనక్కి తీస్తాంటే పడవ ఒరిగింది. సారు తమ్ముడు నితీష్ బాబు కింద పడ్డడు, పడవ ఆయన మీద..."

ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోన్‌లో రెండు ఫోటోలున్నాయి. ఒకటి కిరణ్ ఐదూ ఐదుకు పెట్టినది. తడి తాడు, పదో ముడి మీద అతని వేలు, వెనక ఇంటి నేలలా చదునుగా ఇనుప నడకవంతెన. ఆకాశం మబ్బు పట్టి ఉంది. రెండోది ఆరుకు పావుగంట ముందు జాలరులు తీసింది. ఎర్ర గుర్తుకూ పచ్చ గుర్తుకూ నడుమ నీలాంబరి పక్కకు ఒరిగి ఉంది. ఒక మూల అదే వంతెన నీళ్లవైపు వాలి ఉంది. అఖిల చూపు పడవ మీదే నిలిచింది. రామచంద్రం మాత్రం ఆ మూలనే చాలాసేపు చూశాడు.

"ఈ వంతెన కొసలు దేనికి కట్టి ఉంటయి?"

"ఒకటి గట్టుకు సార్. ఇంకోటి నీళ్ల మీద తేలే దిమ్మెకు."

సాయంత్రం నాలుగున్నరకు కిరణ్‌ను అతని ఆఫీసులోనే కలిశారు.

"తాగినాడు సార్. ఆ పొద్దున్నే మాట్లాడితేనే వాసన కొట్టింది. దోవ తప్పి బురద మీదికి ఎక్కించినాడు."

"మీరు ఐదింటికి కొలిచారు?"

"ఫోటో ఉంది కదా సార్." గడియారం చూసుకున్నాడు. "ఏమనుకోవద్దండి, రోజూ ఐదుకు అమెరికా వాళ్లతో కాల్. సెలవులో ఉన్నా తప్పదు."

"కష్టమే," అన్నాడు రామచంద్రం.

మర్నాడు మధుకర్ అద్దాల గదిలో అతనూ, కిరణ్, రామచంద్రం, అఖిల కూర్చున్నారు. నర్సింహ గోడకు ఆని నిలబడ్డాడు. బయట వాన.

"జల్ది చెప్పండి. నేను స్టేషన్‌కు పోవాలె," అన్నాడు మధుకర్.

రామచంద్రం రెండు ఫోటోలూ బల్ల మీద పరిచాడు. "పడవ దోవ తప్పలేదు. ఎర్ర, పచ్చ గుర్తుల నడుమ ఉన్నదే దోవ. దోవలోనే నీళ్లు లేవు. ఇగ ఈ వంతెన చూడండి. ఒక కొస గట్టుది, కదలదు. ఇంకో కొస నీళ్లతో లేస్తది, దిగుతది. నీళ్లు నిండితేనే చదునుగ ఉంటదని రేవు కాపలాదారు చెప్పిండు. ఆ రోజు నీళ్లు నిండింది మూడింటికి. ఐదుకు మూడడుగులు తీసినయి. కిరణ్ గారూ, ఇది ఐదింటి ఫోటో కాదు, మూడింటిది. ఐదుకు మీరు రేవు కాడ లేరు. నాలుగూ యాభై నుంచి ఐదూ నలభై దాకా మీరు దిగిన లాడ్జి గదిల నుంచి వీడియో కాల్‌లో ఉన్నరు. మీ ఆఫీసు రికార్డులనే ఉంది."

అఖిల లెక్కవేసింది: పదిలోంచి మూడు పోతే ఏడు. కావలసింది ఏడున్నర. తక్కువ పడింది అర అడుగు.

కిరణ్ తల వంచుకున్నాడు. "సాగర్‌లో పొద్దున కొలిస్తే మాపటికీ అంతే కదా సార్. రెండు గంటల్లో ఎంత తగ్గుతుందిలే అనుకున్న్యా. తాగినాడన్నది... నేనే అల్లినాను."

నర్సింహ కళ్లు మూసుకున్నాడు.

మధుకర్ లేచి బల్ల గుద్దాడు. "ఆ కాల్ ఇడిసిపెట్టి పోతే నీ సొమ్మేం పోయిందిరా! నా తమ్ముడురా వాడు!"

"అడిగినాను సార్. నాలుగున్నరకు మీకు మెసేజ్ పెట్టినాను. క్లయింట్ ముందు లేచిపోవద్దు, పడవ సంగతి తర్వాత అన్నారు."

మధుకర్ ఫోన్ తీసి మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. మెల్లగా కూర్చున్నాడు.

నర్సింహ గోడ వదిలి ముందుకొచ్చాడు: "సార్, అమ్మకు చెప్పాలె."

మధుకర్ తల్లికి ఫోన్ కలిపాడు. ఫోన్‌లోంచి సత్తెమ్మ గొంతు అందరికీ వినబడింది.

"అమ్మా, నర్సింహ తాగలే. వాని తప్పేం లేదు."

"అయ్యో, ఉత్తగనే ఉసురు పోసుకుంటిని గద కొడుకా. మరి నా బిడ్డను తీస్కపోయిందెవరు?"

మధుకర్ ఫోన్ చెవికి అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఉన్నవా బిడ్డా? ఇనబడ్తుందా?" అంటోంది సత్తెమ్మ.