మామత్ కడుపులో పేర్లు

ఉదయం తొమ్మిదింటికి నాణేలు చెక్కే శిల్పి తన పనిబల్ల మీదే చనిపోయి ఉన్నాడు. చెవి వెనక తూటా.

తొమ్మిదిన్నరకి పెద్దాయన ఏజెంటును తన గదిలోకి పిలిచాడు.

"అంతరించిపోయిన జంతువుల బొమ్మలతో ఎనిమిది వెండి నాణేలు. ఇవాళే ప్రదర్శన. వాటిలో ఒకటి డొల్ల. లోపల మైక్రోఫిల్మ్. విదేశాల్లో, శత్రు ముఠాల్లో రహస్యంగా పనిచేస్తున్న మనవాళ్ల పేర్లు."

"ఏ నాణెం?"

"అది చెప్పబోతుంటేనే శిల్పి ఫోన్ ఆగిపోయింది." పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందులో మీ అక్క పేరు కూడా ఉంది."

ఏజెంటు అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

పదకొండింటికి తెల్లగడ్డం అంటించుకుని, వెండి నాణ్యత చూసే నిపుణుడిలా ప్రదర్శన హాలు వెనక గదిలో కూర్చున్నాడు. అతని భూతద్దంలో ఎక్స్‌రే కెమెరా ఉంది. కోరపళ్ల పులి గట్టిదే. రాక్షస తాబేలూ గట్టిదే. మంచుయుగపు బొచ్చు ఏనుగు మామత్‌ను అద్దం కింద పెట్టగానే లోపలి డొల్ల కనిపించింది.

అప్పుడే మెడ మీద చురుక్కుమంది.

"కదలకండి మాస్టారూ," అంది ప్రదర్శన నిర్వాహకురాలు, పెన్నుకు మూత పెట్టి ఎర్రకోటు సవరించుకుంటూ. "కదల్లేరు కూడా. గంటసేపు."

నిజమే. వేళ్లు కొయ్యబారాయి. నాలుక లేవలేదు. కళ్లూ చెవులూ మాత్రం పనిచేస్తున్నాయి. అవీ పోయుంటే బాగుండుననిపించింది.

తలుపు తీసుకుని బూడిదరంగు గ్లవ్స్ వేసుకున్న విదేశీ కొనుగోలుదారు వచ్చాడు. ఏజెంటు వేళ్ల మధ్య నుంచే నాణెం లాక్కున్నాడు. అంచు తిప్పి, ఫిల్మ్ బయటికి తీసి స్కానర్‌లో పెట్టాడు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే వెలిగాయి. ఏడోది అక్కది. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన అక్క. ఇప్పుడు ఏ దేశంలో, ఏ వేషంలో ఉందో తమ్ముడికి కూడా తెలియదు. గొంతు చించుకుని అరవాలనుకున్నాడు. కంట్లోంచి ఒక చుక్క జారింది, అంతే.

'సెండ్' మీదికి వెళ్తున్న కొనుగోలుదారు వేలు ఆగింది.

"పన్నెండో పేరు నీది," అన్నాడు ఆమెతో, నెమ్మదిగా.

"అవును. మీకు చెప్పడం మరిచిపోయాను."

వేలు కిందికి దిగేలోపే రెండో పెన్ను అతని మణికట్టులో గుచ్చుకుంది. మనిషి మూటలా కూలిపోయాడు.

ఆమె ఫిల్మ్‌ను లైటర్‌తో కాల్చేసి, ఏజెంటు చెంప తుడిచింది.

"ఏ నాణెమో నాకూ తెలియదండీ. మీరే వెతికిపెట్టారు. తీరా చూస్తే వాడు గుమ్మం దగ్గరే ఉన్నాడు. వాడు నన్ను తన మనిషేనని నమ్మాలంటే మిమ్మల్ని పడగొట్టక తప్పలేదు. నేనెవరో మీ పెద్దాయనకి ఒక్కడికే తెలుసు."

సాయంత్రం పెద్దాయన రిపోర్టులో ఒకే వాక్యం రాశాడు: శత్రువు ఎదుట మన ఏజెంటు చివరిదాకా చలించలేదు.