ఒకట్లు వెళ్లిపోయిన ఊరు

లెక్కల మాస్టారికి లెక్కలేనితనం ఎక్కువని కాలేజీ అంతా చాటుగా అనుకునేది. కొత్తగా చేరిన సాహిత్యం మేడమ్ మాత్రం మొదటి రోజే మొహం మీద అనేసింది. గొడవంతా ఓ పాత నవల గురించి.

విక్టోరియా రాణి కాలం నాటి వ్యంగ్య నవల అది. అందులో మనుషులుండరు, అంకెలుంటాయి. పెళ్లయిన ప్రతి ఆడదీ అక్కడ 'ఒకటి' అయిపోతుంది. ఏడుని కట్టుకున్నా, డెబ్బైని కట్టుకున్నా, ఒకటితో గుణిస్తే మిగిలేది మొగుడే. చివరికి ఒకట్లన్నీ ఊరొదిలి వెళ్లిపోతాయి. మిగిలిన మగ అంకెలకి తమని తాము లెక్కపెట్టుకోవడం కూడా చేతకాదు.

ఇది వట్టి గుణకారపు జోకని మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో తేల్చేశాడు.

"రచయిత వెక్కిరించింది ఆడవాళ్లని కాదండీ, ఆడవాళ్లని వెక్కిరించేవాళ్లని" అంది మేడమ్.

"అయితే నాకే తగిలిందన్నమాట."

"తగలాలనే అన్నాను."

ఆ వానాకాలమంతా టీ చల్లారింది గానీ వాదన చల్లారలేదు. ఆమె కళ్లజోడు తుడుచుకుంటే ఇతనికి చూపు మసకబారేది. భిన్నాలు చెప్పే మనిషికి భిన్నాభిప్రాయం ఇంత తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసింది. అక్కకి ఫోన్ చేసి, ఆ నవల మీద కాలేజీలో జరిగే సెమినార్‌కి వచ్చి అమ్మాయిని చూడమన్నాడు. అది అయ్యాక పెళ్లికి అడిగేస్తానన్నాడు.

ఆ కాలేజీ సెమినార్‌కి ఓ పద్ధతుంది. వాదించే ఇద్దరూ పక్షాలు మార్చుకోవాలి. ఎదుటివారి వ్యాఖ్యానాన్ని తనదే అనుకుని, నమ్మి చెప్పాలి.

ముందు ఆమె లేచింది. అంకెల అందం చూసి మురిసిపోయిన రచయిత నవ్వు ఇది, ఈ నవ్వులో విషం లేదు అంటూ మొదలుపెట్టింది. టీ తాగుతూ అతను సగంలో వదిలేసిన మాటలన్నీ ఆమె నోట పూర్తయ్యాయి. తను ఇంత తెలివైనవాడని మాస్టారికే తెలీదు. రెండో వరసలో అక్క కళ్లు మెరిశాయి.

తర్వాత ఇతని వంతు. బుద్ధిగానే మొదలుపెట్టాడు. మొదటి వాక్యానికే ఎవరో నవ్వారు. నవ్వు వినపడ్డాక ఈ మహానుభావుడికి ఇంకేం వినపడదు. కళ్లజోడు తుడుస్తున్నట్టు నటించాడు. గొంతు సన్నం చేసి, నేను ఒకటిని, నన్నెవరూ లెక్కచెయ్యరు అంటూ ముక్కు చీదాడు. హాలు దద్దరిల్లింది. ఆమె వాదనని పూర్వపక్షం చేశాడా అంటే అదీ లేదు, పూర్తిగా పక్కన పడేశాడు.

బయట వరండాలో అక్క చెప్పులు వేసుకుంటోంది.

"ఆ పిల్ల నీ మాటలు నీకంటే బాగా చెప్పిందిరా. నువ్వు ఆ పిల్ల మాటలు విననే లేదు. ఇంక ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

మాస్టారు స్టాఫ్‌రూమ్‌కి పరిగెత్తాడు. ఆమె బ్యాగు సర్దుకుంటోంది. ఏదో సరదాకి అనబోయి, ఆ మాట తనకే చేదుగా తగిలి ఆగాడు. తప్పయిపోయిందన్నాడు.

"మీలా ఆలోచించడానికి వానాకాలమంతా పట్టింది నాకు" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అదే భయపెట్టింది అతన్ని. "మీ నవ్వు వెనక ఎవరున్నారో చూద్దామని కష్టపడ్డాను. మీరు నా కళ్లజోడు దగ్గరే ఆగిపోయారు."

"ఇప్పుడు మొదలుపెడతాను. మీరు చెబితే వింటాను."

"వినండి. నాకోసమైతే మాత్రం వద్దు."

బయట వాన అందుకుంది. గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ ఆమె వెనక్కి తిరిగింది.

"సెమినార్‌కి ముందు పలకరించిన మీ అక్కగారు నాకు చాలా నచ్చారు. మీ గురించి మాత్రం ఇవాళ అడక్కండి. అబద్ధం చెప్పాల్సొస్తుంది."

నచ్చారంటే అబద్ధమా, నచ్చలేదంటే అబద్ధమా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి మాస్టారు నోరు మూసుకుని, ఆమె చెప్పింది విన్నాడు.